తప్పు ఒకచోట, దెబ్బ ఇంకోచోట: జూడో మ్యాట్ మీద ఓటమి ఏం నేర్పుతుంది?

జూడోలో ఒసోతో-గరి అనే త్రో ఉంది. ఎదుటివాడి పక్కకి అడుగేసి, వాడి కాలిని వెనకనుంచి కొడవలితో కోసినట్టు మన కాలితో ఊడ్చి, వెల్లకిలా పడేయడం. జపనీస్‌లో ‘గరి’ అంటే కోతే. చేరిన కొత్తల్లోనే నేర్పే త్రో ఇది. పదేళ్ల పిల్లలు కూడా చక్కగా చేసేస్తారు. నేను ముప్ఫై ఆరేళ్ల వయసులో, మా అమ్మాయిని క్లాసులో దింపడానికి వెళ్లి, గంటన్నర ఊరికే కూర్చోవడం ఎందుకని చేరినవాణ్ణి. మూడేళ్లపాటు ఈ త్రోని తప్పుగా చేశాను. తప్పు చేస్తున్నానని తెలుసు. ఆ తప్పేమిటో మాత్రం తెలియలేదు.

జరిగేది ఇది. రాండోరీ అంటే ఇద్దరూ నిజంగానే ఒకరినొకరు పడేయాలని చూసే ఫ్రీ ప్రాక్టీసు. అందులో నాకు తరచూ జోడీగా దొరికేవాడు ఒక ఇంజినీరింగ్ కుర్రాడు. నాకన్నా పన్నెండు కిలోలు తక్కువ. నేను కాలు వేస్తాను. కాలికి కాలు తగులుతుంది. వాడు కదలడు. ఒక్క క్షణం ఇద్దరం చెరువుగట్టు మీద కొంగల్లా నిలబడతాం. ఆ తర్వాత వాడు నడుం కాస్త తిప్పి అదే త్రోని నాకే అప్పజెబుతాడు. దాన్ని ఒసోతో-గాయెషి అంటారు. నాకు పైకప్పు కనిపిస్తుంది. ఆ హాల్లో ఎన్ని ట్యూబ్‌లైట్లు ఉన్నాయో, వాటిలో ఎన్ని వెలగవో నాకు తెలిసినంతగా అక్కడి వాచ్‌మన్‌కి కూడా తెలియదు.

కాల్లో బలం చాలట్లేదనుకున్నాను. రెండు నెలలు పొద్దున్నే లేచి గుంజీలు తీశాను. కాలు బలపడింది. పడటం మాత్రం ఆగలేదు, ఇంకాస్త గట్టిగా పడ్డాను, అంతే తేడా. ఒకరోజు మా మాస్టారు ఆపి, “కాలు సంగతి వదిలేయండి సార్. మీ ఎడం చెయ్యి ఏం చేస్తోంది?” అన్నారు.

ఎడం చెయ్యి ఏమీ చేయట్లేదు. వాడి కుడి స్లీవ్ పట్టుకుని వేలాడుతోంది. ఆ చెయ్యి వాడి మోచేతిని కిందికి, నా నడుం వైపు లాగి ఉండాల్సింది. లాగితే వాడి బరువంతా కుడి మడమ మీదికి వస్తుంది. బరువున్న కాలిని ఊడిస్తే మనిషి పడతాడు. బరువు లేకపోతే ఆ కాలు ఊరికే గాల్లోకి లేస్తుంది, మనిషి రెండో కాలి మీద నిక్షేపంగా నిలబడతాడు. పైగా ఆ క్షణంలో ఒంటికాలి మీద ఉన్నది నేను. అంటే కాలి దగ్గర కనిపించిన తప్పు చేతి దగ్గర పుట్టింది, అదీ ఒక సెకను ముందే. నేను రెండు నెలలు మందు రాసింది జబ్బు ఉన్న చోట కాదు.

త్రోలో మూడు ముక్కలు

జూడోని స్థాపించిన కానో జిగోరో ఒక త్రోని మూడు దశలుగా విడదీసి చూపించారు. మొదటిది కుజుషి, అంటే ఎదుటివాడి తూకం తప్పించడం. రెండోది త్సుకురి, ఆ తప్పిన తూకానికి తగ్గట్టు మనం వెళ్లి కుదురుకోవడం. మూడోది కకె, విసరడం. చూసేవాళ్లకి కనిపించేది మూడోది. ఫొటోలో పడేది కూడా అదే. మొదటి రెండూ కుదిరితే మూడోదానికి పెద్ద బలం అక్కర్లేదు. కుదరకపోతే ఎంత బలమున్నా చాలదు.

దీంట్లోనే అసలు చిక్కుంది. తప్పు సాధారణంగా మొదటి దశలో జరుగుతుంది. దాని ఫలితం మూడో దశలో బయటపడుతుంది. పడ్డవాడికి గుర్తుండేది చివరి దశ. కాబట్టి వాడు చివరి దశనే దిద్దుకుంటాడు. వీపు మీద మోసి వేసే సెయోయి-నగె చూడండి. సరిగ్గా రాకపోతే నడుం నొప్పెడుతుంది. ‘నడుం బలహీనం’ అనుకుంటారు. చాలాసార్లు జరిగింది ఏమిటంటే మోకాళ్లు వంచకుండా నడుం వంచారు. మోకాళ్లు ఎందుకు వంచలేదు? ఎదుటివాడికి బాగా దూరంగా తిరిగారు. దూరంగా ఎందుకు తిరిగారు? చేత్తో వాణ్ణి ముందుకు తేలేదు. ఇలా ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతూ పోతే చివరికి గ్రిప్ దగ్గర తేలుతుంది. క్రికెట్‌లో క్యాచ్ ఇచ్చి ఔటైన బ్యాట్స్‌మన్ బ్యాట్ వైపు చూసుకుంటాడు, కోచ్ వాడి ముందుకాలు వైపు చూస్తాడు. అదే వ్యవహారం.

‘తప్పుల నుంచి నేర్చుకోవాలి’ అని ఎవరైనా అంటారు. తప్పు తనకు తానుగా ఏమీ చెప్పదు. పడ్డావని చెబుతుంది, అంతవరకే. ఎందుకు పడ్డావో చెప్పడానికి ఇంకో జత కళ్లు కావాలి, లేదా ఫోన్‌లో స్లో మోషన్ వీడియో కావాలి, లేదా పడేసినవాణ్ణే అడగాలి. ఈ మూడోది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా కష్టం. మనల్ని పడేసిన పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ణి, “ఎలా తెలిసింది బాబూ నీకు?” అని అడగడానికి నాకు ఏడాది పట్టింది. వాడు సిగ్గుపడుతూ, “అంకుల్, మీరు కాలు వేసేముందు ఊపిరి బిగబడతారు” అన్నాడు. మూడేళ్ల రహస్యం.

కానో కూడా ఓడినవాడే

కానో 1860లో పుట్టారు. మనిషి పొట్టి, బక్కపలచన. విద్యార్థిగా ఉన్నప్పుడు బలవంతులైన తోటివాళ్ల చేతిలో ఇబ్బందిపడి జుజుత్సు అనే పాత జపాన్ కుస్తీవిద్య నేర్చుకోవాలనుకున్నారు. 1877లో ఫుకుడా హచినొసుకె అనే గురువు దగ్గర చేరారు. ఒకరోజు ఫుకుడా ఒక త్రో వేశారు. కానో లేచి, ఇది ఎలా చేయాలి, చెయ్యి ఎక్కడ, కాలు ఎక్కడ అని అడిగారు. గురువు వివరించలేదు. రా అన్నారు, మళ్లీ పడేశారు. మళ్లీ అడిగితే మళ్లీ పడేశారు. వేలసార్లు పడితే అదే తెలుస్తుందన్నది ఆయన పద్ధతి. ఈ సంగతి కానోయే తర్వాత చెప్పుకున్నారు.

దీన్ని గురుభక్తి కథగా చెప్పేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. ఫుకుడా పద్ధతిలో ఓ వందమంది చేరితే, పడీపడీ విషయం పట్టుకునేవాళ్లు ఏ కొద్దిమందో ఉంటారు, మిగతావాళ్లు నడుం పట్టుకుని ఇంటికి పోతారు. కానో గొప్పతనం ఆ కొద్దిమందిలో ఒకడు కావడంతో ఆగలేదు. తను అడిగిన ప్రశ్నకి జవాబు తనే తయారుచేసి, కుజుషి, త్సుకురి, కకె అని విడమరిచి శిష్యులకి చెప్పారు. గురువు చేసినట్టు ఆయన చేయలేదు.

అదే చోట ఫుకుషిమా అనే భారీ మనిషి ఉండేవాడు. కానో ఎంత ప్రయత్నించినా అతన్ని పడేయలేకపోయారు. ముందు సుమో తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి అక్కడి పట్లు ప్రయత్నించారు. పనిచేయలేదు. తర్వాత లైబ్రరీకి వెళ్లి పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేశారు. అందులో మనిషిని అడ్డంగా భుజాల మీదికి ఎత్తుకునే పట్టు ఒకటి దొరికింది. దాన్ని సాధన చేసి ఫుకుషిమాని పడేశారు. ఇవాళ జూడోలో కత-గురుమ అనే త్రో అదే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అన్నిసార్లు ఓడినా ఆయన ‘ఇంకా గట్టిగా చేయాలి’ అన్న దారిలో పోలేదు. పాత త్రోలు బరువైన మనిషి మీద ఎందుకు పనిచేయట్లేదో చూసి, బరువు కింద దూరి ఎత్తే దారి వెతికారు. నేను గుంజీలు తీసిన చోట ఆయన పుస్తకం తీశారు.

పడటాన్ని చవక చేయడం

1882లో టోక్యోలోని ఈషోజి అనే బౌద్ధాలయంలో, పన్నెండు చాపల గదిలో, తొమ్మిదిమంది శిష్యులతో కానో కొడొకాన్ అనే జూడో బడి మొదలుపెట్టారు. చాప అంటే తతామి. ఒక్కోటి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటుంది. మన మధ్యతరగతి ఇంటి హాలు అంత జాగా. అందులో ఒకరినొకరు పడేసుకోవాలంటే ముందు పడటం వచ్చి ఉండాలి.

ఈ పడటాన్ని ఉకెమి అంటారు. ఇవాళ్టికీ ఏ జూడో క్లాసులోనైనా మొదటి పాఠం అదే. గడ్డం ఛాతీకి ఆనించాలి, చూపు బెల్టు ముడి మీద ఉండాలి, అప్పుడు తల వెనక్కి కొట్టుకోదు. వీపు తగిలే క్షణంలోనే రెండు చేతులతో మ్యాట్‌ని చరచాలి. చేతులు ఒంటికి మరీ దగ్గరగా కాకుండా, బార్లా చాపకుండా, సగం తెరిచిన గొడుగులా ఉండాలి. ఊపిరి వదిలేయాలి. దెబ్బ ఒక్కచోట పడకుండా చేతులకీ, వీపుకీ పంచుకుపోతుంది. బాగా పడితే ఠప్‌మని పెద్ద చప్పుడొస్తుంది. చూసేవాళ్లు అయ్యో అంటారు, పడ్డవాడు నవ్వుతూ లేస్తాడు. చప్పుడు లేకుండా ధబ్ మంటే అప్పుడు కంగారుపడాలి.

మన సహజగుణం దీనికి పూర్తిగా ఎదురు. పడబోతుంటే చెయ్యి చాపి నేలని ఆపబోతాం. ఒంటి బరువంతా ఒక్క మణికట్టు మీద పడుతుంది. మణికట్టు తట్టుకుంటే మోచెయ్యి, అదీ తట్టుకుంటే కాలర్ బోన్. మొదటి ఏడాదిలో నేను చేసింది అదే. ఆరు వారాలు కట్టు. అంతకుముందు రెండు వారాలు ఉకెమి నేర్పుతుంటే, ‘ఈ దొర్లడాలు పిల్లలకి లెండి’ అని నేను పక్కన నిలబడి ఫోన్ చూసుకున్నాను. తప్పు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. మా అమ్మాయి ఆ రెండు వారాలూ ఒళ్లంతా దుమ్ము చేసుకుని దొర్లింది. దాని మణికట్టుకి ఇప్పటివరకు ఏమీ కాలేదు.

ఉకెమి వచ్చాక జరిగేది కేవలం దెబ్బలు తగ్గడం కాదు. పడతానన్న భయం పోతుంది. భయం పోయాక మనిషి త్రో ప్రయత్నిస్తాడు. ప్రయత్నిస్తే పడతాడు. ఒక సాయంత్రం ముప్ఫైసార్లు పడి, ముప్ఫైసార్లు లేచి, ఇంటికెళ్లి అన్నం తినగలడు. అంటే ముప్ఫై తప్పులు చూసుకునే అవకాశం ఒక్క సాయంత్రంలో దొరికింది. నేల పట్లలో ‘ట్యాప్’ కూడా ఇలాంటిదే. గొంతు పట్టో మోచేతి పట్టో బిగిసినప్పుడు అరచేత్తో రెండుసార్లు తడితే అవతలివాడు వెంటనే వదిలేయాలి. ఓటమిని ఒప్పుకునే ఖర్చు రెండు తట్లు. ఒప్పుకోకపోతే మోచేతి కీలు. ‘కింద పడ్డా నాదే పైచేయి’ అనే రకం మనుషులు మ్యాట్ మీద ఎక్కువకాలం ఉండరు, ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గర కనిపిస్తారు. జూడోలో కింద పడుకుని కూడా పైవాడి మెడ పట్టి గెలవొచ్చు, అది వేరే సంగతి.

తప్పు నుంచి నేర్చుకోవాలంటే ఆ తప్పు చవకగా ఉండాలి. ఈ లెక్కన అన్ని యుద్ధవిద్యలూ ఒకటి కాదు. గుద్దులు నేర్పే విద్యల్లో తలకి తగిలే దెబ్బ చాలా ఖరీదైన పాఠం, ఎందుకంటే పాఠం నేర్చుకోవాల్సిన అవయవానికే ఆ దెబ్బ తగులుతోంది. ‘గట్టిగా కొట్టించుకుంటేనే వస్తుంది’ అని కొత్తవాళ్లని రింగులోకి తోసే పద్ధతి నాకు మూర్ఖంగానే కనిపిస్తుంది. పోనీ దెబ్బ తగలకుండా గాలిలో ఆపే కరాటే ప్రాక్టీసు చేస్తే, అక్కడ ఇంకో చిక్కు. గుద్దు ఎప్పుడూ తగలదు కాబట్టి దూరం సరిగ్గా అంచనా వేశామో లేదో తేలదు. తప్పు జరిగినట్టే తెలియదు. మన ఊళ్లలో కర్రసాము నేర్చుకునేవాడికి ఈ బాధ లేదు. మణికట్టు తిప్పడం కాస్త ఆలస్యమైతే కర్రే వచ్చి మోచేతి మీదో చెవి మీదో చెబుతుంది.

పడనివాడి కథ

మాతోపాటు ఒకాయన చేరాడు. తొంభై కిలోలు, జిమ్ ఒళ్లు. ఏడాదిపాటు రాండోరీలో ఆయన్ని ఎవరూ పడేయలేకపోయారు. రెండు చేతులూ కర్రల్లా బిగించి, నడుం వెనక్కి పెట్టి నిలబడేవాడు. దగ్గరికి వెళ్లడమే కుదరదు. ఆయన కూడా ఎవరినీ పడేయలేదు, ఎందుకంటే త్రో వేయాలంటే చేతులు వదులు చేసి లోపలికి రావాలి, వస్తే పడే ప్రమాదం ఉంది. ఏడాది తర్వాత ఆయనకి వచ్చిన త్రోలు సున్నా. ఒక చిన్న పోటీలో దిగితే, రిఫరీ వరసగా మూడు షిడోలు ఇచ్చి పంపించేశాడు. జూడోలో దాడి చేయకుండా తప్పించుకుంటూ నిలబడితే షిడో అనే శిక్ష పడుతుంది, మూడు పడితే ఆట ఓడినట్టే. ఏడాదిలో ఒక్కసారి కూడా పడకుండా ఓడిపోయాడు. ఆ తర్వాత మానేశాడు. మంచి మనిషి, ఇప్పటికీ పండక్కి మెసేజ్ పెడతాడు.

క్లాసులో బాగా వస్తే నేర్చుకున్నట్టేనా?

ఇక్కడ పరిశోధనలు చెప్పే సంగతి మన అనుభవానికి కాస్త అడ్డం తిరుగుతుంది. 1979లో షియా, మోర్గాన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. మూడు రకాల చేతి కదలికలు నేర్పారు. ఒక జట్టుకి మొదటిది పూర్తిగా అయ్యాక రెండోది, ఆ తర్వాత మూడోది. ఇంకో జట్టుకి మూడూ కలగాపులగంగా. ప్రాక్టీసు సమయంలో మొదటి జట్టే బాగా చేసింది. కొంత విరామం తర్వాత మళ్లీ పరీక్షిస్తే కలగాపులగం జట్టు ముందుంది. క్రీడా శిక్షణ గురించి చదివేవాళ్లు ఈ ప్రయోగాన్ని ఇవాళ్టికీ తలుచుకుంటారు. దీన్నిబట్టి, ఒకే త్రోని వరసగా వందసార్లు చేసినప్పుడు కలిగే ‘వచ్చేసింది’ అనే భావన సగం అబద్ధం. తొంభయ్యోసారి చేసేటప్పుడు మెదడు కొత్తగా ఆలోచించట్లేదు, ఎనభై తొమ్మిదోదాన్నే మళ్లీ వేస్తోంది.

జూడోలో ఉచికొమి అనే సాధన ఉంది. త్రో వేసేదాకా పోకుండా, లోపలికి తిరిగి కుదురుకోవడం వరకు మళ్లీమళ్లీ చేయడం. వందలూ వేలూ చేయిస్తారు. కోచ్‌లలో దీని మీద రెండు వర్గాలున్నాయి. పునాది అదేనని ఒకరంటారు. కదలని మనిషి మీద చేస్తే కదలని మనిషిని పడేయడమే వస్తుందని ఇంకొకరంటారు. నేను రెండో వర్గం, పూర్తిగా కాకపోయినా. మొదటి నెలల్లో ఉచికొమి లేకుండా కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియదు. ఆ తర్వాత కూడా అదే చేస్తూ కూర్చుంటే, నా ఎడం చెయ్యిలా, తప్పు కూడా వేలసార్లు సాధన అయిపోతుంది. ఉచికొమిలో నా జోడీ మర్యాదగా నిలబడేవాడు కాబట్టి నా చెయ్యి లాగకపోయినా తేడా కనిపించలేదు. మూడేళ్ల తప్పు గట్టిపడింది అక్కడే.

సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ 1920లలో పనివాళ్లు సుత్తితో ఉలిని కొట్టే కదలికల్ని ఫొటోల వరసగా తీసి చూశారు. చెయ్యి తిరిగినవాడి సుత్తి ప్రతిసారీ ఒకే చోట పడుతోంది. భుజం, మోచెయ్యి, మణికట్టు మాత్రం ఏ రెండుసార్లూ ఒకేలా కదలట్లేదు. అంటే నేర్పు ఉన్నవాడి ఒళ్లు చిన్నచిన్న తేడాల్ని దారిలోనే సర్దుకుంటోంది. ప్రతి దెబ్బలోనూ కాస్త తప్పు ఉంది, దాన్ని దిద్దుకోవడమూ ఉంది. మా వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన్ని చూస్తుంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఏ రెండు చొక్కాలకీ చెయ్యి ఒకేలా తిరగదు, మడత మాత్రం ఒకేలా వస్తుంది.

దెబ్బకి దెయ్యం వదులుతుందా?

మన మాస్టర్లలో చాలామందికి తిట్టే అలవాటుంది. కొందరికి బెత్తం కూడా. తిడితే తర్వాతి త్రో బాగా వేస్తాడు, పొగిడితే తర్వాతిది చెడగొడతాడు, కావాలంటే చూసుకోండి అంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. నిజంగానే అలా కనిపిస్తుంది.

ఎందుకలా కనిపిస్తుందో డేనియల్ కానమన్ కనిపెట్టారు. తర్వాత ఎకనామిక్స్‌లో నోబెల్ తీసుకున్న ఈ మనస్తత్వ శాస్త్రవేత్త, ఒకప్పుడు ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకి పాఠం చెబుతూ, మెచ్చుకుంటే బాగా నేర్చుకుంటారని అన్నారు. ఒక సీనియర్ శిక్షకుడు లేచి అడ్డం పడ్డాడు. బాగా చేసినవాణ్ణి మెచ్చుకుంటే మర్నాడు చెడగొడుతున్నాడు, చెడగొట్టినవాడి మీద అరిస్తే బాగుపడుతున్నాడు, నా కళ్లతో చూస్తున్నాను కదా అన్నాడు. కానమన్‌కి అప్పుడు తట్టింది. ఎవరైనా మామూలుగా చేసేదానికన్నా బాగా చేస్తే, తర్వాతిసారి మామూలు స్థాయికి దిగే అవకాశమే ఎక్కువ. మరీ చెత్తగా చేస్తే, తర్వాతిసారి మామూలుకి లేచే అవకాశం ఎక్కువ. పొగడ్తకీ తిట్టుకీ ఇందులో పాత్రే లేదు. తిట్టింది చెత్త త్రో తర్వాత కాబట్టి ఆ లాభమంతా తిట్టు ఖాతాలో పడింది. మాస్టారు ముప్ఫై ఏళ్ల అనుభవంతో చెబుతున్నారంటే, ముప్ఫై ఏళ్లూ ఇదే భ్రమ ఆయన కళ్లముందు ఆడుతూనే ఉందన్నమాట.

తిట్టడం మానేసి ప్రతి త్రోకీ సలహా ఇస్తే సరిపోతుందా? అదీ మరీ మంచిది కాదు. 1984లో సాల్మొని, ష్మిట్, వాల్టర్ అనే ముగ్గురు అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ తిరగేసి చెప్పింది ఏమిటంటే, ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెబుతూ పోతే అప్పటికి బాగా చేస్తారు, చెప్పేవాడు లేని రోజున తడబడతారు. సలహా ఊతకర్ర అవుతుంది. మా మాస్టారు నా ఎడం చెయ్యి గురించి మూడేళ్లు ఎందుకు చెప్పలేదని మొదట్లో కోపమొచ్చింది. అడిగాను. “చెప్పాను సార్. మొదటి సంవత్సరం నాలుగుసార్లు చెప్పాను. మీకు అప్పుడు కాలే వినిపించింది” అన్నారు. ఇది నిజమో, ఆయన తెలివైన జవాబో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

స్కోరు చెప్పనిది

పోటీలో ఓటమి ఇంకో జాతి. నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్ 2019 డిసెంబరులో ఒలింపిక్ క్వాలిఫయర్ కోసం జరిగిన ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండో బౌట్‌లోనే చైనాకి చెందిన వూ యూ చేతిలో 5-0తో ఓడి వెనక్కి వచ్చింది. ఆ వూ యూ టాప్ సీడ్, చివరికి స్వర్ణం ఆమెదే. నిఖత్‌కి సీడింగ్ లేదు కాబట్టి ఆ ఇద్దరూ అంత ముందే ఎదురుపడ్డారు.

టీవీలో ఆ రోజు రాత్రి ‘ఎక్కడ తప్పు జరిగింది?’ అని చర్చలు పెట్టారు. 5-0 అంటే ఐదుగురు జడ్జీలూ అవతలివైపు చూశారని అర్థం. దూరం కుదరలేదా, కాళ్లు ఆలస్యమయ్యాయా, ఎదుటామె ఆ రోజు మెరుగ్గా ఉందా, ఆ అంకెలో ఇవేవీ లేవు. ఓటమిలో కొంత మన తప్పు, కొంత ఎదుటివాళ్ల నేర్పు, కొంత ఎవరికి ఎవరు ఎదురుపడాలో తేల్చే డ్రా, కొంత ఆ రోజు. వీటిని విడదీయకుండా మొత్తం తప్పుగా రాసుకుంటే, బాగా ఉన్న విద్యని కూడా మార్చేసుకునే ప్రమాదముంది. చిన్న స్థాయిలో ఇది నేను రోజూ చూస్తాను. జిల్లా పోటీలో మొదటి రౌండ్‌లో ఓడిన పిల్లవాడి తండ్రి మర్నాడే కోచ్‌ని మార్చేస్తాడు.

దీనికి పూర్తి వ్యతిరేకం బెల్టు పరీక్షలు. మన ఊళ్లలో చాలా కరాటే క్లాసుల్లో మూడు నెలలకో పరీక్ష, పరీక్షకో ఫీజు, ఫీజు కట్టిన ప్రతివాడికీ కొత్త రంగు. తెల్లబెల్టు నుంచి నల్లబెల్టు దాకా ఒక్కసారి కూడా ఫెయిలవకుండా వచ్చిన పిల్లలున్నారు. తల్లిదండ్రులకి సంతోషమే, ఫొటోలు బాగా వస్తాయి. ఆ పిల్లవాడికి తన ఎడం చెయ్యి సంగతి ఎప్పుడు తెలియాలి? నల్లబెల్టు పద్ధతి కొడొకాన్‌లో 1880లలో మొదలైంది. మధ్యలో ఉన్న ఈ రంగుల్లో చాలావరకు తర్వాత యూరప్‌లో వచ్చి చేరినవి. వాటితో గొడవ లేదు. తప్పే అవకాశం లేని పరీక్షని పరీక్ష అనడమే ఇబ్బంది.

గెలుపు దాచే తప్పు

ఇప్పుడు ప్రాక్టీసు అయ్యాక ఒక నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాస్తున్నాను. ఆ రోజు పడ్డ వాటిలో ఒక్కటి, దానికి ముందు ఏం జరిగిందో. ‘స్లీవ్ వదిలేశాను.’ ‘వాడు ఎడమవైపు తిరుగుతుంటే నేను ఆగిపోయాను.’ ‘అలసిపోయాను, ఇంకేమీ కాదు.’ ఈ చివరిది కూడా రాయడం అలవాటు చేసుకున్నాను. ఒంట్లో ఓపిక అయిపోయాక చేసే తప్పుల్లో టెక్నిక్ వెతికితే ఏమీ దొరకదు.

పేజీలు తిరగేస్తే ఒక లోటు కనిపించింది. పడేసిన రోజుల గురించి ఏమీ రాసుకోలేదు. పడ్డప్పుడు కారణం వెతికే మనిషి, పడేసినప్పుడు ‘వచ్చేసింది’ అని పొంగిపోయి ఇంటికెళ్లిపోతున్నాడు.

పోయిన నెలలో ఆ ఇంజినీరింగ్ కుర్రాణ్ణి ఒసోతో-గరితో పడేశాను. మూడేళ్లలో మొదటిసారి. ఠప్‌మని హాలంతా వినిపించింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది, ఇంకో ఇద్దరు కూడా కొట్టారు. నేను గాల్లో ఉన్నాను. మాస్టారు మూల నుంచి నింపాదిగా నడిచి వచ్చి, మ్యాట్ మీద ఒకచోట వంగి, వేలితో తడిమి చూశారు. ఎవరిదో చెమట చారిక.

“వాడు జారాడు సార్. తుడిచి మళ్లీ చెయ్యండి.”

తుడిచాం. మళ్లీ చేశాను. వాడు పడలేదు.